బొటనవేలికి వెల విడిగా

ఎంత లోతు తవ్వాలి, అని అడిగాను.
మా కొట్లో మొదటి ప్రశ్న అదే.
రంగూ కంపెనీ తర్వాత.

ఓడెట్ ఫెర్లాండ్ తొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది.
"నాలుగడుగులు. ఊట నుంచి ఇంటికొచ్చే నీళ్ళ గొట్టం.
నిరుడు గడ్డకట్టి పగిలింది."
కాసేపాగి, "ఆరు," అంది.
ఆరెందుకో చెప్పలేదు.

వెర్మాంట్ కొండల్లో అక్టోబరు ఆఖరు.
మేపుల్ చెట్లు దులిపేసుకుని నిలబడ్డాయి.
ఇంకో మూడు వారాల్లో నేల బిగుసుకుంటుంది.
ఆపైన ఏప్రిల్ దాకా
గునపం ఎన్నిసార్లు తట్టినా తలుపు తియ్యదు.

ఆమె ట్రాక్టరు నాకు తెలుసు.
కాగితం మీద ఇరవై నాలుగు గుర్రాల బలం,
ఎదురు కొండకి పద్దెనిమిదే.
సీటు చిరుగుకి జింక తోలు అతుకు.
అంత చిన్న ఒంటికి ఎంత చెయ్యి తగిలించాలి?

పెద్దది చూపించమంది. చూపించాను.
ఎనిమిదిన్నర అడుగులు దిగుతుంది,
బండరాయిని కోడిగుడ్డులా ఎత్తుతుంది,
మీ బండి ముందు చక్రాల్ని కూడా ఎత్తుతుంది, అన్నాను.
తోక బరువుకి కుక్క నిక్కి కూర్చున్నట్టు.
ఆమె నవ్వలేదు.

"ఆ మూలనున్నది?"
అది వెనక మూడు కొక్కేలకే తగిలించేది.
పావుగంటలో బిగించొచ్చు, సగం ధర.
దాన్ని అమ్మను, అన్నాను.
"అమ్మనిది ఎందుకు పెట్టుకున్నావు?"
చూపించడానికి.
తొట్టి పన్ను ఏ వేరుకో తగులుకుని, మీరు గట్టిగా లాగారనుకోండి.
వేరు రాదు. కొక్కేలు పైకి మడుచుకుంటాయి.
మీటల దగ్గర కూర్చున్న మనిషి,
వెనక బండి సీటు, ముందు ఇనుము...
రెండరచేతులు దగ్గరికి తెచ్చి, కలపకుండా ఆపాను.

చట్రం ఉన్నది తీసుకోండి.
బండి పొట్ట కింద నుంచి ముందుదాకా పాకే ఉక్కు.
లాగుడంతా నడుం ఒక్కటే మొయ్యదు,
వెన్ను పొడుగునా పంచుకుంటుంది.
ఆరున్నర అడుగుల చెయ్యి. పన్నెండంగుళాల తొట్టి.
వెడల్పెక్కువైతే మళ్ళీ పూడ్చాల్సిన మన్నూ ఎక్కువ.

"వెడల్పుదే కావాలి," అంది. "రెండడుగులది."
నీళ్ళ గొట్టానికా?
నోటిదాకా వచ్చింది, మింగాను.
రెండడుగుల తొట్టికి ఆ బండి ఆయాసపడుతుంది,
పద్దెనిమిదితో సరిపెట్టుకుంది.

బొటనవేలు కావాలా మరి?
తొట్టికి ఎదురుగా మడుచుకునే ఇనుప వేలు,
అది లేకపోతే రాయి జారిపోతుంది.
వెల విడిగా.
"ఎంత?"
తొమ్మిది వందలు.
తన కుడిచేతి వంక చూసుకుంది.
ఎప్పుడో గడ్డిమోపుల యంత్రం ఒకటి తీసుకుపోగా
మిగిలిన నాలుగు.
"నాది పోయినప్పుడు బీమావాళ్ళు ఇచ్చింది ఇంకా తక్కువ."
అప్పుడు నవ్వింది.

శనివారం నేనే వెళ్ళి బిగించాను.
పది గంటలకోసారి ప్రతి కీలుకీ గ్రీజు, అన్నాను.
కీళ్ళ సంగతి నాకు చెప్పకు, అంది.
స్టీరింగుకి వీపు పెట్టి కూర్చుంది.
వెళ్ళాల్సిన దిక్కు వదిలేసి
దాటొచ్చిన నేలకేసి తిరిగి చేసే పని ఇది.

తవ్వింది ఊట దగ్గర కాదు.
కొట్టం వెనక, ఆపిల్ చెట్ల అవతల.
రెండడుగులకే కుట్టుమిషనంత రాయి,
వేలు మూసింది, రాయి నిలిచింది,
గట్టు మీది రాతిగోడ పక్కన మెల్లగా దించింది.
ఆ గోడలో సగం రాళ్ళు
బల్లబండి మీద లాగి తెచ్చినది
కంచెకి ఆనుకుని చూస్తోంది.
బెల్జియం జాతి ఆడగుర్రం, ముప్పై ఒక్కేళ్ళు,
కాగితంలో లేని ఇరవై అయిదోది.
పడుకుంటే మళ్ళీ లేవలేనని కాబోలు
నిలబడే కునుకు తీస్తోంది.
ఇంజను హోరు పెరిగినప్పుడల్లా ఒక చెవి ఇటు తిప్పుతోంది.

పశువుల డాక్టరు మంగళవారం వస్తాడట.
అడక్కుండానే చెప్పింది, మీట వదలకుండా.

టేపు దించి కొలిచాను. ఆరడుగుల రెండంగుళాలు.
"సరిపోతుందా?"
గుర్రాల కొలతలు నాకేం తెలుసు.
నీళ్ళ గొట్టానికైతే సరిపోతుంది, అన్నాను.