రెండో చప్పుడు

ముందు చెయ్యి పెట్టు, అన్నాడు దొరస్వామి సార్,
గొట్టం తర్వాత.

తిరుపతి, రుయా, ఆడవాళ్ళ వార్డు, పదిహేడో మంచం.
ఫ్యాను రెక్క ఒకటి వంగి కిర్రుమంటోంది.
మొగిలమ్మ, నలభై ఒకటి, పలమనేరు అవతల ఊరు,
చింతపండు కొట్టే పని.
పదేళ్ళుగా చీటీ మారినప్పుడల్లా జబ్బు పేరు మారింది:
రక్తం తక్కువ, ఉబ్బసం,
ఏమీ లేదు, బలానికి టానిక్కు.
అన్నీ మడిచి పాల కవర్లో పెట్టుకొచ్చింది.
"చీర మీదనే గొట్టం పెట్నారు తల్లీ,
పెట్టిందీ లేదు, తీసిందీ లేదు."

తెర లాగి, వేళ్ళు వెచ్చబడేదాకా రుద్దుకుని
రొమ్ముటెముక ఎడమ అంచున అరచెయ్యి ఆనించాను.
చెయ్యి లేచింది.
నేను లేపలేదు.
లోపలెవరో భుజంతో తలుపు నెడుతున్నట్టు.
తన వాటా కాని రక్తాన్ని
నలభై ఏళ్ళుగా మోసి మోసి
కండ పెంచుకున్న కుడి గది అది.

అప్పుడు గొట్టం. ఎడమ పక్క, రెండో పక్కటెముక కింద.
మెత్తగా ఒక మర్మరం.
"రంధ్రం చప్పుడా సార్?"
"రంధ్రం మాట్లాడదమ్మా.
అరిచేది అవతలి గేటు, జనం ఎక్కువై.
దాన్ని వదిలెయ్. రెండో చప్పుడు విను."

రెండో చప్పుడంటే రెండు తలుపులు,
ఒకదాని వెనక ఒకటి మూసుకోవడం.
ఊపిరి పీలిస్తే కొంచెం ఎడమవుతాయి,
వదిలితే ఒక్కటవుతాయి. నీకైనా నాకైనా.
"పీల్చు మొగిలమ్మా."
డబ్-డ.
"వదులు."
కలుస్తాయని చూశాను.
డబ్-డ.
అదే ఎడం. లేక ఫ్యానా?
లేక, ఉండాలని నేను అనుకుంటున్నందుకా?

సార్ వైపు చూశాను.
"నా చెవులకి అది వినబడి మూడేళ్ళయింది,
నువ్వే చెప్పాల," అన్నాడు,
ఎండ ఎంతుందో చెప్పినంత మామూలుగా.

"నన్ను ఒకసారి ఇననీండి," అంది మొగిలమ్మ.
ఆమె చెవులకి తగిలించాను, బిళ్ళ ఆమె రొమ్ము మీదే ఉంచి.
కళ్ళు మూసుకుంది.
పీల్చింది. వదిలింది. ఎవరూ చెప్పకుండానే.
"సుత్తి ఒకటి, గింజ ఒకటి," అంది.
"కాయ మీద సుత్తి పడతాది, ఎంటనే గింజ బండ మీద పడతాది.
గాలి పీల్చినా ఇడిచినా మద్దెన సందు మారలా."
సార్ నవ్వలేదు. కేసు షీటు నా చేతికిచ్చి
"రాసుకో," అన్నాడు, "ఆమె మాటల్లోనే."

ఎకో పదకొండో రోజున.
పై రెండు గదుల నడిమి గోడలో ఇరవై రెండు మిల్లీమీటర్లు.
"చింతగింజంతా?" అడిగింది.
రెండు గింజలు పక్కపక్కన పెడితే, అన్నాను.
"పుట్టినప్పట్నించీనా?"
అవును.
చాలాసేపు మంచం అంచు గోకుతా కూర్చుంది.
ఆపరేషను గురించి అడుగుతుందనుకున్నా,
డబ్బు గురించి, బతుకు గురించి.

"అయితే బడిలో పరిగెత్తలేక కూలబడినప్పుడు,
బిందె దించి దించి తెచ్చినప్పుడు,
సోంబేరి, సోంబేరి అని మా యమ్మ,
ఆనక మా యత్త, ఆనక మా మేస్త్రీ..."
ఆగింది. ఊపిరి కోసం.
"ఒక కాయితం మింద రాసీ తల్లీ. తెలుగులో.
మా యత్త ఇంకా ఉండాది."

మందుల చీటీ వెనక రాశాను,
ఏళ్ళయింది తెలుగు రాసి, ఒత్తులు తడబడ్డాయి.
సంతకం, తేదీ.
"ముద్ర?" అంది.
వార్డంతా వెతికాం ముద్ర కోసం,
నేనూ, సిస్టరూ, చివరికి సార్ కూడా.