టక్కుమనే దాకా

తో-అషూ కనుమ మొదట్లో మా కొట్టుకి బోర్డు లేదు.
రోడ్డు వారగా ఒక లారీ టైరు నిలబెట్టి
సున్నం కొట్టాం. అంతే.
అక్టోబరు ఆఖరు.
పైన మంచు పడిందని దిగే బండ్ల నెత్తులు చూస్తే తెలుస్తుంది.
ఎక్కేవాళ్ళంతా మా ముందు వరసకట్టారు,
డిక్కీలో చలికాలం టైర్లు,
నోట్లో తొందర.

షాయ్‌లోబెక్ వాళ్ళలో ఒకడు.
చిక్కుడు గింజలు అమ్మేసి
ఖాళీ గోతాల మీద ఇద్దరు మేనల్లుళ్ళని పడుకోబెట్టి
తలాస్‌కి తిరిగి పోతున్నాడు.
కుడిచేతి స్టీరింగు పాత హోండా వ్యాను.
"ఆ గన్ను పెట్టి టర్రుమనిపించు జిపార్,
చీకటి పడకముందే సొరంగం దాటాలి."

జిపార్ అంటే సుగంధం.
నా ఒళ్ళంతా రబ్బరు వాసన.

గన్ను గోడకి వేలాడుతూనే ఉంది, ఎర్రగా.
విప్పడానికైతే సరే.
బిగించమంటే దానికి వచ్చిన మాట ఒక్కటే: ఇంకా, ఇంకా.
చాలు అనడం దానికెవరూ నేర్పలేదు.

ముందు సాకెట్.
పంతొమ్మిది సైజు నట్టుకి ఇరవై ఒకటి తొడిగి
ఎవడో గింగిరాలు తిప్పినట్టున్నాడు,
మూడో నట్టు అంచులన్నీ అరిగి
చీకిన రేగుపండు గింజలా ఉంది.
నాలుగోది విప్పబోతే బోల్టే తెగి చేతికొచ్చింది.
"పోయినసారి ఎవరు బిగించారు?"
"నేనే. పానాకి గొట్టం తగిలించి
పైకెక్కి నిలబడ్డాను."
గర్వంగానే చెప్పాడు.
తెగిన ముక్క అరచేతిలో పెట్టాను.
లాగిన పిండిలా దాని నడుం సన్నబడి ఉంది.
వాడు దాన్ని చూసి, వ్యానులో నిద్రపోతున్న పిల్లల్ని చూశాడు.
నేనేమీ అనలేదు.

కొత్త బోల్టు కొట్టాను.
మర మీద తుప్పు వైరు బ్రష్షుతో గీకాను,
నూనె రాయలేదు.
"ఒక చుక్క వేస్తే సులువుగా తిరుగుతుందిగా?"
తిరుగుతుంది. అందుకే వద్దు.
నట్లు వేళ్ళతోనే ఎక్కించాను,
చలికి వేళ్ళు మొద్దుబారినా సరే,
మర అడ్డం పడిందా లేదా వేలికే తెలుస్తుంది.
తరవాత ప్లస్సు పానా, చక్రం ఇంకా గాల్లో ఉండగానే,
ఒకదాని తరవాత దాని ఎదురుది, నక్షత్రం గీసినట్టు.
జాకీ దించాను.

ఇప్పుడు పెట్టెలోంచి ఆ పొడుగు పానా తీశాను.
రెండు గొర్రెలమ్మి బిష్కెక్ బజారులో కొన్నది.
ఆ రోజు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు.
పిడి తిప్పి గీత నూట పది దగ్గర ఆపాను.

"నాన్నా!"
వినపడదు.
ముప్ఫై ఏళ్ళు ఆ ఎర్రగన్ను పక్కనే చెవి పెట్టి బతికాడు సగిందిక్.
కంప్రెసరు ఆగిందో లేదో
మా మొహాలు చూసి తెలుసుకుంటాడు.
భుజం తట్టి పానా అందించాను.

మోకాలు నేల మీద ఆనించి
మెల్లగా, కుదుపు లేకుండా లాగాడు.
టక్.
ఆ చప్పుడు నాకు వినపడింది.
ఆయనకి అరచేతిలో వినపడింది.
అక్కడే ఆగాడు, ఒక్క వెంట్రుకవాసి కూడా ముందుకి పోకుండా.
మళ్ళీ ఎదురు నట్టు. టక్.
అయిదోదానికి నవ్వాడు,
పళ్ళు లేని చోట పొగాకు మరక.

షాయ్‌లోబెక్ తొందరపడటం మానేసి వంగి చూస్తున్నాడు.
"నేనొక్కటి లాగనా?"
ఇచ్చాను. టక్కుమన్నాక ఇంకొంచెం లాగబోయాడు,
నాన్న వాడి మణికట్టు పట్టుకున్నాడు.

డబ్బులు లెక్కపెడుతుంటే చెప్పాను:
సొరంగం దాటాక,
ఎండాకాలం గుర్రంపాలు అమ్మే గుడారాలుంటాయే,
ఇప్పుడు ఎత్తేసుంటారు,
అక్కడ ఆగి మళ్ళీ ఒకసారి చూసుకో.
సరే సరే అని తలూపాడు,
ఆగనివాళ్ళు ఊపినట్టే.
అందుకని మా పాత ప్లస్సు పానా
ముందు సీట్లో పడేశాను.
వచ్చేటప్పుడు తిరిగిచ్చెయ్యమన్నాను.

వాడి వెనక దీపాలు మూడో మలుపు దాకా కనపడ్డాయి.

నాన్న పొడుగు పానా తుడిచి
పిడిని వెనక్కి తిప్పుతున్నాడు, గీత అడుగుకి.
లోపలి స్ప్రింగు బిగుసుకుని పడుకుంటే
పొద్దున్నకి అబద్ధం చెబుతుంది.
అది నేను ఆయనకి నేర్పిన ఒకే ఒక్క సంగతి.

తరవాతి బండి హారన్ కొడుతోంది.
ఆయనకి వినపడలేదు.
నేనూ కాసేపు వినపడనట్టే కూర్చున్నాను.