మసకలో ఒక చీపురు

పెరంబూరులో మ్యాట్నీ, ముందు నుంచి మూడో వరస.
తెల్లవారుజామున రెండు వీధులు ఊడ్చి వచ్చింది అమ్మ.
చేతులకింకా ఎర్ర సబ్బు వాసన.
"నేనెప్పుడొస్తా?"
అడగడం ఇది మూడోసారి.
"ఇంటర్వెల్ అయినాక, వానలో."

కుటుంబ కథ.
కుటుంబమంటే మేడమెట్లు, గూట్లో వీణ,
వెండి గ్లాసులో కాఫీ,
అలిగినప్పుడు ధడాలున వేసుకోడానికి
ఎవరి గదికి వాళ్ళదొక తలుపు.
మా పేటలో ఏడుపొస్తే
బిందె పట్టుకుని కుళాయి వరసలో నిలబడతాం.
అక్కడైతే మొహం కడుక్కున్నట్టుంటుంది.

ఆ అమ్మాయిని అతను వద్దన్నాడు.
హాలంతా ముక్కులు ఎగబీల్చింది,
అమ్మ కూడా.

వానొచ్చింది.
వీధి మలుపులో ఆమె కూలబడింది.
ఆమె భుజానికీ చెవి లోలాకుకీ మధ్య సందులో
ఒక పచ్చ కోటు కదిలింది.
నాలుగు సెకన్లు. లెక్కపెట్టాను.
మొహం లేదు, మసక.

ఆ నాలుగు సెకన్లకి ఆ రోజు ఏడు టేకులు.
ఊడ్చిన చెత్తనే మళ్ళీ పోసి
మళ్ళీ ఊడ్చమన్నారు.
తడి రోడ్డు మీద ఈనెల చీపురు చేసే చప్పుడు
నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.
అది తీసేసి అక్కడ వయొలిన్ పెట్టారు.

సాలిగ్రామంలో డబ్బింగ్ థియేటర్లో నేను గుంపు గొంతుని.
పెళ్ళి ఆగితే "అయ్యయ్యో",
ఆస్పత్రిలో "తప్పుకోండి, తప్పుకోండి".
ఒక్క డైలాగు అడిగితే
"నీ తెలుగులో మద్రాసుందమ్మా" అంటారు నవ్వుతూ.
నాలుగు తరాల కింద
మా వాళ్ళతో నెల్లూరు దాటొచ్చిన తెలుగది.
ఊరు ఊడ్చడానికి పనికొచ్చింది,
తెర మీద ఏడవడానికి ఒప్పుకోవడం లేదు.

పేర్లు పడుతున్నాయి.
కుక్కని ఆడించినతని పేరు కూడా ఉంది.
చివరిదాకా నిలబడింది అమ్మ, చెప్పులు చేత్తో పట్టుకుని.

బయట ఎండ. చెరుకురసం బండి దగ్గర
ఉన్నట్టుండి అంది:
"ఆ పిల్ల బాగానే ఏడ్చింది.
నాకా పొద్దు వానన్నా లేదు, మే నెల.
బేసిన్ బ్రిడ్జి కాడ రైళ్ళు కడిగేవాడు, ఏసురత్నం.
వాడి పెళ్ళి మర్నాడు నా బీటు వాళ్ళ వీధే.
అరిటాకులు, తొక్కిన మల్లెపూలు, రంగు కాగితాలు
అన్నీ నేనే ఎత్తినా.
రెండు బండ్లయినాయి."

గ్లాసులో ఐసు కరిగేదాకా ఊరుకున్నాను.
"ఏడ్చావా?"
"మేస్త్రీ ఉన్నాడు గదే."

రసం తాగి, కొంగుతో మూతి తుడుచుకుని,
పోస్టర్ వైపు ఇంకోసారి చూసింది.
"ఆదివారం ఆట ఉందేమో కనుక్కో.
కోటమ్మత్తని తీసుకొస్తా.
వానలో ఆ ఎనకున్నది నేనేనని
పక్కన కూర్చుని చెప్పాల,
లేకుంటే దానికి తెలవదు."