ఐదుసార్ల కంటే తక్కువ

నాలుగువేల మూడువందల పన్నెండు వ్యాసాలు.
పదిహేనేళ్ళ చదువు ఒక్క ఫైల్లో పట్టింది.
కంపెనీల సుస్థిరత మీద లోకం ఏం రాసిందో,
ఏ ఏడు ఏ మాట ఉబ్బిందో, ఏ మాట వాడిపోయిందో
లెక్కపెట్టడం నా ఉద్యోగం.

పెరుంగుడి. ఆరో అంతస్తు.
కిటికీ తెరుచుకోదు. అదీ మంచికే.
ఏది పళ్ళికరణై బురదవాసనో, ఏది కాలే చెత్తవాసనో
తేల్చుకోనక్కర్లేదు.
అద్దంలోంచి కొంగలు కనిపిస్తాయి,
జీతం పడని గుమాస్తాల్లా ఒంటికాలి మీద.

మొదట్లో 'బాధ్యత' పెద్ద మాట.
తర్వాత 'దాతృత్వం' చిక్కిపోయింది, 'రిపోర్టింగ్' ఒళ్ళు చేసింది.
ఇప్పుడంతా కర్బనం, కొలమానం, ఇన్వెస్టర్ల నమ్మకం.
పటం గీస్తే ఒక్కో మాట ఒక్కో రంగు బుడగ,
ఎన్నిసార్లొస్తే అంత లావు.
బుడగకీ బుడగకీ మధ్య దారాలు.
మా ప్రొఫెసర్‌గారికి చాలా ఇష్టం.

ఆరున్నరకి మాప్ కర్రతో అంకమ్మ వస్తుంది.
తాతలనాడు కందుకూరు వైపునించి వచ్చి
ఈ నగరం చీపురు పట్టిన కుటుంబం.
ఆమె తెలుగులో సగం అరవం, నా అరవంలో సగం తప్పు.
"ఏందిమ్మా ఇది, రంగులు రంగులు?"
"సుస్థిరత, అంకమ్మా. అంటే... చాలాకాలం నిలబడ్డం.
ఇవాళ ఉండి రేపు పోకుండా."
కర్ర ఆపింది.
"పర్మినెంటా?"

నవ్వబోయి ఆగాను.
పదకొండేళ్ళలో ఆమె మెడలో కార్డు మీద
కాంట్రాక్టరు పేరు నాలుగుసార్లు మారింది.
ఫోటో అదే.

"దీంట్లో నీళ్ళు యాడుండాయి?"
చూపించాను. ఓ మూల, నీలంగా, రేగుపండంత.
"లారీ నీళ్ళా, కొళాయి నీళ్ళా?"
అది ఎవరూ రాయలేదు.
"ఊడ్చేవాళ్ళు?"
వెతికాను.
ఐదుసార్ల కంటే తక్కువ వచ్చిన మాట
పటంలోకి రాదని నియమం. నేను పెట్టిందే.
"అయితే ఎన్ని తూర్లు చెప్పాల?" అంది,
కోపంగా కాదు, బస్సు టైమడిగినట్టు.

ఆమె వెళ్ళాక ఐదుని ఒకటి చేశాను.
తెరనిండా చీమలు పొంగినట్టు మాటలు:
ఉప్పుతేలిన బోరు, తోళ్ళ తొట్టి, రాత్రి షిఫ్టు,
చేతితొడుగు, వలకి చిక్కిన బూడిద,
అక్షరదోషంతో ఒక ఊరి పేరు.
ఎవరో ఒకరు, ఏ అరవయ్యో పేజీలోనో,
ఒక్కసారి అన్నారు.
దేనికీ దారం లేదు.

పంపాను. రెండు నిమిషాల్లో జవాబు:
చదవడానికి వీల్లేకుండా ఉంది, పాతదే ఉంచు.
ఉంచాను. పదిహేనో తారీఖు గడువు.
నా ఒప్పందం కూడా పదకొండు నెలలదే.

కింద ట్యాంకరు కీచుమంటూ వెనక్కొస్తోంది.
పైపు అతుకు దగ్గర కారేచోట
అంకమ్మ సీసా పెట్టి నిలబడింది.
డ్రైవరు వేలుమురుగన్ బీడీ ముట్టించుకుని
అది నిండేదాకా
అతుకు బిగించలేదు.