చేబదులు

మంచానికీ గోడకీ మధ్య
రెండు జానలూ నాలుగు వేళ్ళూ.
టేపు ఏ అట్టపెట్టెలో పెట్టామో గుర్తులేక
ఫణి నేల మీద బోర్లా పడుకుని చేత్తో కొలిచాడు.
కొట్లో నేను చెయ్యి వేసి చూసిన తొట్టె
రెండు జానలూ ఆరు వేళ్ళూ.

ఆ రెండు వేళ్ళ దగ్గర
మూడు వారాలుగా ఆగిపోయింది మా సంసారం.

హీటరు జరగదు, అద్దె ఇంటి గోడకి బిగించి ఉంది.
మంచం జరిపితే బీరువా తలుపు తెరుచుకోదు
తెరుచుకోకపోతే ఏం,
ఈ పొట్ట మీద ఏ బట్ట నిలుస్తోంది గనక.

రెండు వందల నలభై తొమ్మిది డాలర్లు.
బోర్లాపడిన రోజుతో దాని పని సరి.
ఐదు నెలలు అనుకుంటే
రాత్రికి డాలరూ అరవై ఆరు సెంట్లు, అన్నాడు.
పగటి నిద్రలో, అన్నాను.
పాపం, లెక్క మళ్ళీ మొదలుపెట్టాడు.

ఫోన్లో పిన్ని నవ్వింది.
నిన్ను చాటలో వేశామే,
కింద బియ్యం, పైన తాతయ్య పాత పంచె,
చాటకి ఎవరు కొలతలు చూశారు?

ఆస్పత్రి నర్సు వేలు మడుస్తూ చెప్పింది
గట్టి పరుపు, వెల్లకిలా, మీ గదిలోనే, ఒంటరిగా.
ఒంటరిగా అన్నమాట ఆమె మామూలుగానే అంది.
బస్సులో నేనే
దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు పోయాను.

బల్లారట్‌లో జూలై.
కారు అద్దం మీద మంచు గీకి గీకి
సెబాస్టపోల్ వైపు వెళ్ళాం,
ఎవరో బ్రిజిట్ అట, వాడింది అరవైకే ఇస్తానంది.

హాలు మధ్యలో తొట్టె.
తొట్టెలో మెడదాకా దుప్పటి కప్పుకుని
ఒంటిచెవి గుడ్డ వాంబట్.
దానికి అడ్డంగా చేతులు చాచి మూడేళ్ళ టిల్లీ.
"నిద్రపోతున్నాడు."

బ్రిజిట్ మొహం ఎర్రబడింది.
వంగలేని నేను ఎలాగో వంగి
గొంతు తగ్గించి అన్నాను: లేచేదాకా ఉంటాం.

ఉన్నాం. టీ తాగాం.
వాళ్ళు వంటింట్లో ఉండగా ఫణి జాన వేసి చూశాడు.
రెండు జానలూ మూడు వేళ్ళూ!
కనుబొమ్మలు ఎగరేశాడు, పెళ్ళిచూపుల్లో కూడా
అంత సంతోషపడిన మొహం కాదు.

వాంబట్ లేవలేదు.
"మీ పాప మళ్ళీ ఇచ్చేస్తుందా?" అడిగింది టిల్లీ.

గోడ మీంచి పంచదార గ్లాసు, కాఫీపొడి,
ఓసారి ఏకంగా ఇస్త్రీపెట్టె
చేబదులు వెళ్ళీ వచ్చీ తిరిగిన పెరడు గుర్తొచ్చింది.
ఆ మాటని ఇంగ్లీషులో ఎలా అనాలో తెలియక
ఇచ్చేస్తుంది, అన్నాను.
టిల్లీ చాలాసేపు నా పొట్టకేసి చూసింది,
పూచీకత్తు అడిగే మనిషిలా.

అరవై వద్దంది బ్రిజిట్, కాదన్నాడు ఫణి,
ముప్పై దగ్గర ఇద్దరూ ఓడిపోయారు.
నిద్రపోయేవాణ్ణి లేపకూడదు కనక
వాంబట్‌తో సహా మోసుకొచ్చాం,
వెనక సీట్లో బెల్టు పెట్టి.

పట్టింది. ఒక వేలు మిగిలింది కూడా.

ఖాళీ తొట్టె ఊపకూడదంటుంది పిన్ని.
ఖాళీది కాదు గదా అని
కాస్త ఊపాను.
వాంబట్‌ని బుధవారం ఇచ్చేయాలి,
తొట్టెని డిసెంబరులో.

రాత్రి రెండింటికి మెలకువొచ్చేసరికి
ఫణి చీకట్లో తొట్టె మీదికి వంగి ఉన్నాడు.
ఏమిటన్నాను.
ఏం లేదు, పక్కకి దొర్లాడు, అంటూ
వాంబట్‌ని వెల్లకిలా తిప్పాడు.