ప్రతివాది నివాసం

జిల్లా కోర్టు ప్రహరీ నీడలో
ముప్పయ్యొకటేళ్లుగా నా టైపుమిషను.
‘వ’ మీట అరిగింది.
వాదీ ప్రతివాదీ ఇద్దరూ ఒకేలా చెరిగి పడతారు.
నాకు తెలిసిన సమన్యాయం అదొక్కటే.

నూకరత్నం హెల్మెట్ తియ్యకుండానే కూర్చుంది.
కంపెనీ చొక్కా మీద సంచీ పట్టీల మరకలున్నాయి,
సంచీ లేదు.
“ఐడీ ఆపేసినారండి. సోమారం తెల్లారి సూస్తే
నా బొమ్మ బూడిద రంగయిపోనాది.”

కాగితం ఎక్కించి కార్బను సర్దాను.
వాది: వాసుపల్లి నూకరత్నం.
తండ్రి దానయ్య, జెట్టీలో ఐసు మోసేవాడు.
వయస్సు ముప్పైనాలుగు.
నివాసం జాలారిపేట, నీళ్ల ట్యాంకు వెనక మూడో సందు.

వృత్తి దగ్గర మిషను ఆగింది.
కూలీ అంటే కంపెనీ ఒప్పుకోదట.
ఫోనులో ముప్పైఆరు పేజీల ఇంగ్లీషు ఒప్పందం,
అందులో ఆమె భాగస్వామి.
“భాగం ఎంతమ్మా?”
“పెట్రోలు నాది, బండి వాయిదా నాది, నడుం నొప్పి నాది.
మిగిల్నదంతా ఆల్లది.”
ముప్పైఆరు పేజీల్ని
ఒక్క ఊపిరిలో తెలుగు చేసేసింది.

నేరం ఏమిటంటే,
వాయుగుండం రాత్రి మధురవాడకి బిర్యానీ.
హనుమంతవాక దగ్గర రోడ్డు మునిగితే
రుషికొండ మీంచి చుట్టు తిరిగెళ్లింది.
మ్యాపుకి వాన తెలీదు.
చుట్టుదారిని మోసం అంది.
మనిషెవరూ అనలేదు; అదే అంది, అదే విచారించింది,
అదే శిక్ష వేసింది.
అప్పీలుకి ఒక మీట కూడా ఇచ్చింది. నొక్కితే
‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు.’

ఇక ప్రతివాది.
తండ్రి పేరు అడిగేశాను, అలవాటు కొద్దీ.
ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం.
వయస్సు తెలీదు.
నివాసం వెతుక్కుంటూ కొండమీది అద్దాల మేడ దాకా వెళ్లిందట.
“ఆళ్లు నిరుడే ఖాళీ చేసీసినారు,
లోపల మిషన్లే ఉన్నాయి, ఏసీ ఆటి కోసం” అన్నాడట వాచ్‌మన్.

ఈలోగా జూనియరు లాయరు కిరీటి వంగి ఫోను చూపించాడు.
“మాస్టారూ, పిటిషను ఇది నిమిషంలో రాసేస్తుంది.”
చదివాను. తప్పుల్లేవు.
నాది పేజీ ముప్పై రూపాయలు, దానిది సున్నా.
హార్బరు వైపు నుంచి గాలొచ్చి
కార్బను లేచిపోబోతే అరచేత్తో అదిమిపట్టాను.
నా ఐడీ ఏ సోమవారం ఆపేశారో
నేను చూసుకోనే లేదు.

దాని పిటిషన్లోనూ ఒక గడి ఖాళీయే.
ప్రతివాది నివాసం: ఇక్కడ పూరించండి.

నూకరత్నం అప్పుడు హెల్మెట్ తీసింది.
ఫోను నా బల్ల మీద, స్టాంపుల డబ్బా పక్కన పెట్టింది.
“ఇందులోనే ఉంటాదండి. ఇంకెక్కడా నాను సూడ్నేదు.
రాసీండి.”

రిజిస్ట్రీ వాళ్లు తిరగ్గొడతారని తెలుసు.
అయినా కొట్టాను, ‘వ’ని రెండేసిసార్లు నొక్కుతూ:

ప్రతివాది నివాసం,
వాది కుడి జేబు,
జాలారిపేట, విశాఖపట్నం.