వద్దనే ఉద్యోగం

ఇరవై రెండేళ్ళుగా నా పని వద్దనడం.
ఈత వద్దు. పడవ వద్దు.
కుక్కని నీళ్ళలోకి వదలొద్దు.
ఊరికే చేతులు కడుక్కుంటానన్నా వద్దు.
కింద లోయలో మూడు పట్నాలు
ఈ నీళ్ళే తాగుతాయి మరి.

సాక్సనీ కొండల మధ్య ఆనకట్ట,
చుట్టూ స్ప్రూస్ అడవి,
అడవి అంచున పద్నాలుగు కిలోమీటర్ల బాట.
ఎంతైనా నడవండి, సైకిలు తొక్కండి,
మంచు పడ్డాక స్కీల మీద జారండి,
బుట్ట నిండా పుట్టగొడుగులు ఏరుకోండి.
చేతికందింది నోటికందలేదంటారే,
ఇక్కడ దాన్ని తిరగేసి చదవాలి.
నోటికందుతుంది. చేతికే అందదు.

గుండోల్ఫ్ కుక్కకి బోర్డు చదవడం రాదు.
జరిమానా రాస్తే
దాని పేరు మీదే రాయమంటాడు.

మంగళవారాలు రోస్‌విటా వస్తుంది.
డెబ్భై మూడేళ్ళు, రెండు చేతికర్రలు, వీపున ఫ్లాస్కు.
ఒకప్పుడు జిల్లా ఈతపోటీల్లో పతకాలు గెలిచిన మనిషి.
వంతెన మీద ఆగి
ఈ దరి నుంచి ఆ దరికి చూపు సాగదీసి
"నలభై నిమిషాలు" అంటుంది.
పోయినేడాది ముప్పై ఎనిమిదంది.
నా రిజిస్టరులో ఆ లెక్కకి గడి లేదు,
అయినా మార్జిన్లో రాసుకుంటాను.

జులైలో ఆ కుర్రాళ్ళొచ్చారు, జోరిన్, మాల్టె.
ముప్పై ఆరు డిగ్రీల ఎండ.
బెరడుపురుగు తినేసిన చెట్ల దగ్గర,
ఫెర్న్ పొదల చాటున
మడతలు విప్పారు నారింజ రంగు రబ్బరు పడవని.
పంపు తెచ్చుకోవడం మర్చిపోయినట్టున్నారు.
నోటితో ఊదారు, వంతులేసుకుని,
చెంపలు కందిపోయేలా, కళ్ళు తిరిగి కూలబడేలా.
అరగంట.
నేను చెట్టు వెనకే నిలబడ్డాను.
మొదట్లోనే ఎందుకు ఆపలేదో
ఇప్పటికీ తెలీదు.
పడవ బిగుసుకుని నిలబడ్డాక, మాల్టె చెప్పులు విప్పాక
అప్పుడన్నాను, వద్దని.

పెద్దవాళ్ళెవరైనా వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళాలి.
ఆగస్టు పోయింది. ఎవరూ రాలేదు.
అక్టోబరు పొగమంచు దిగింది.
పడవ నా షెడ్డులోనే ఉంది,
గాలి తియ్యలేదు.
కొంచెం మెత్తబడింది గానీ
ఆ పిల్లల ఊపిరి ఇంకా అందులోనే ఉంది.

నిన్న డ్యూటీ అయ్యాక
బూట్లు విప్పి, టోపీ మేకుకి తగిలించి
అందులో పడుకున్నాను.
మోకాళ్ళు ముడుచుకుంటే తప్ప పట్టలేదు.
గచ్చు కింద పెద్ద గొట్టం,
పట్నానికి పరిగెత్తే నీళ్ళ హోరు
రబ్బరు గుండా నా వెన్నులోకి ఎక్కింది.
ఎవరింట్లోనో సూప్ మరుగుతూ ఉంటుంది.
ఎవరో పాపకి తలంటుతూ ఉంటారు.
జోరిన్ పళ్ళు తోముకోకుండానే
పడుకుని ఉంటాడు.

పడవ కాస్త ఊగినట్టనిపించింది.
వద్దనడానికి
అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను.
అనలేదు.